ఊపిరి గొట్టాల దర్బాను

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, "భాయ్, నేను ఉపన్యాసకుణ్ణి కాను, కౌంటరు వెనుక నిలబడి మందులిచ్చిన వాణ్ణి" అన్నాను. "ఆ మందుల సంగతే చెప్పండి, చాలు" అన్నారు వారు. సరేనని ఒప్పుకున్నాను. నేను డాక్టరును కాను. గవర్నమెంటు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయిన వాణ్ణి. కనుక నా మాటల్ని వైద్యం అనుకోకండి. ఇంట్లో పెద్దవాడు చెప్పిన సంగతిగా వినండి.

ఈ వేళ నేను చెప్పబోయేది దమా గురించి. తెలుగులో ఉబ్బసం అంటాం, ఆయాసం అంటాం, దమ్ము అంటాం. పేరేదైనా బాధ ఒకటే. ఈ సభలో ఎన్ని కుటుంబాలు వున్నాయో, ఇంటికొక్కరు కాకపోయినా నాలుగిళ్ళకొక్కరైనా ఆ బాధ ఎరిగిన వాళ్ళు వుంటారు. మన గుంటూరు పట్టున మిర్చి సీజనులో ఆ గొడౌన్ల పక్క వీధుల్లో తిరిగినవారికి వేరే చెప్పక్కర్లేదు.

ముందుగా నా ఇంటి సంగతి ఒకటి మనవి చేసుకుంటాను. చాలా ఏళ్ళపాటు యీ మాట నోరు విప్పి ఎవరితోనూ చెప్పలేదు.

నాకొక చెల్లెలు వుండేది. చిన్నప్పటి నుంచీ దమా. శీతాకాలం వస్తే రాత్రిళ్ళు పడుకోలేక, మోకాళ్ళ మీద దిండు పెట్టుకొని, దాని మీద మోచేతులు ఆన్చి కూర్చునేది. మా నానీ ఎండిన ఉమ్మెత్త ఆకు నిప్పుల మీద వేసి పొగ పట్టేది. 1988లో నిఖా అయింది. పెళ్ళి చూపులప్పుడు దమా సంగతి చెప్పలేదు. అమ్మ వద్దన్నది, నేనూ వూరుకున్నాను. అత్తవారింట్లో పిల్ల తన పంపును ట్రంకు పెట్టెలో చీరల మడతల్లో దాచుకొని, తలుపు వేసుకొని పీల్చుకొనేది. ఆ పంపు తెచ్చి ఇచ్చేది ఎవరు? నేనే. నీలం రంగు పంపు, సాల్బుటమాల్. మొదట్లో మూడు నెలలకు ఒకటి. తర్వాత నెలకొకటి. చివరి సంవత్సరం నెలకు మూడు. "భాయ్, పంపు అయిపోయింది" అని కబురు వస్తే చాలు, సైకిలెక్కి వెళ్ళి ఇచ్చి వచ్చేవాణ్ణి. చెల్లెలికి లోటు రానివ్వకుండా చూసుకుంటున్నానని గర్వపడేవాణ్ణి కూడా.

1996 రంజాన్ జనవరి చివర మొదలైంది. ఒక రోజు సహరీ వేళకు ఆయాసం మొదలయింది. పంపు కొట్టుకుంది, మళ్ళీ కొట్టుకుంది. ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్క లేదు. రిక్షా తెచ్చేసరికే పెదవులు నల్లబడ్డాయట. ఆసుపత్రి గేటు దాటలేదు. ఐదేళ్ళ కొడుకును వదిలి వెళ్ళిపోయింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

అల్లాహ్ నిర్ణయించిన ఆయువు అంతేనని అందరూ నన్ను ఓదార్చారు. అది నిజమే. కాని ఫార్మసిస్టునైన నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఇన్నేళ్ళు పనిచేసిన మందు ఆ రోజు ఎందుకు పనిచేయలేదు? పంపు ఖాళీ కాదు, నేను వూపి చూశాను. మందు కాలం చెల్లినదీ కాదు. మరి తప్పు ఎక్కడ జరిగింది? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోయేసరికి మన దేహంలో వున్న ఒక చిన్న జన్యువు దగ్గర తేలాను. దాని సంగతే చెబుతాను. విసుగు అనిపించకుండా చెప్పటానికి ప్రయత్నిస్తాను.

జన్యువు, దర్బాను

మన శరీరం కోటానుకోట్ల జీవకణాలతో కట్టిన ఇల్లు. దాదాపు ప్రతి కణంలోనూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున వచ్చిన జన్యువుల జతలు వుంటాయి. జన్యువు అంటే ఒక వంటకం రాసిన కాగితం వంటిది. ఏ ప్రోటీను ఎట్లా తయారు చేయాలో అందులో రాసి వుంటుంది. నేను చెప్పే జన్యువు పేరు ఏ.డి.ఆర్.బి.2. మన ఐదవ క్రోమోజోము పొడవైన భాగం మీద వుంటుంది. మనిషి జన్యువులు ఎక్కువ భాగం ముక్కలు ముక్కలుగా, మధ్యలో ప్రోటీనులోకి చేరని వాక్యాలతో రాసి వుంటాయి. ఇది మాత్రం మధ్యలో తెగకుండా ఒకే ముక్కగా వుంటుంది. దాన్ని చదివి కణం తయారు చేసే ప్రోటీనులో 413 అమైనో ఆమ్లాలు పూసల్లాగా ఒకదాని వెంట ఒకటి గుచ్చి వుంటాయి.

ఆ ప్రోటీను చేసే పని ఏమిటి? దర్బాను పని. ప్రతి కణానికీ చుట్టూ గోడ వంటి పొర వుంటుంది. మన ఆడవాళ్ళు బొంత కుట్టేటప్పుడు సూది పైకీ కిందికీ దిగినట్టు, యీ ప్రోటీను ఆ పొరలో ఏడుసార్లు గుచ్చుకొని వుంటుంది. ఒక కొస గోడ బయట, రెండో కొస గోడ లోపల. బయటి నుంచి అతిథి వచ్చి దర్బాను చెవిలో మాట చెబుతాడు. అతిథి లోపలికి రాడు. మాట మాత్రమే లోపలికి వెళుతుంది. దీనినే శాస్త్రజ్ఞులు రిసెప్టర్ అంటారు, తెలుగులో గ్రాహకం. దీని పేరు బీటా-2 గ్రాహకం.

ఆ అతిథి పేరు అడ్రినలిన్. మూత్రపిండాల మీద టోపీల్లాగా కూర్చున్న గ్రంథుల నుంచి వస్తుంది. భయం వేసినప్పుడు, పరుగెత్తినప్పుడు గుండె దడదడలాడించేది అదే. పరుగెత్తే మనిషికి గాలి ఎక్కువ కావాలి కదా, అందుకని ఊపిరి గొట్టాల చుట్టూ వున్న కండరాల మీద యీ దర్బానులను ఆ పైవాడు నిలబెట్టాడు. అడ్రినలిన్ వచ్చి చెప్పగానే దర్బాను లోపలి కొసతో ఒక కుర్రాణ్ణి తట్టి లేపుతాడు. ఆ కుర్రాడి పేరు జి ప్రోటీను. వాడు పరుగెత్తి పోయి ఇంకొక యంత్రాన్ని తిప్పుతాడు. ఆ యంత్రం ఏ.టి.పి. అనే పదార్థాన్ని తీసుకొని సైక్లిక్ ఏ.ఎం.పి.గా మారుస్తుంది. అది పెరిగేసరికి బిగుసుకున్న కండరం సడలుతుంది, గొట్టం వెడల్పవుతుంది, ఊపిరి ఆడుతుంది. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో లోహ్‌మాన్ కనిపెట్టిన సమయానికే అమెరికాలో హార్వర్డులో ఫిస్కేతో కలిసి మరొకరు విడిగా కనిపెట్టారు. ఆయన భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఉబ్బసం మనిషి పంపు పీల్చి ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఆ తెలుగువాడు కనిపెట్టిన పదార్థమే లోపల పని చేస్తున్నదన్న మాట.

మందు పుట్టిన కథ

అడ్రినలిన్‌ను శుద్ధి చేసి తీసినవాడు జపానుకు చెందిన జోకిచి తకమినే, 1901 ప్రాంతంలో. అది ఉబ్బసానికి పనికివచ్చింది కాని గుండెను కూడా దడిపించేది. ఎందుకు? 1948లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఆల్‌క్విస్ట్ అనే ఆయన, అడ్రినలిన్‌కు ఒక రకం కాదు, రెండు రకాల దర్బానులు వుండాలని చెప్పి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. మొదట పంపిన పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. వేరే పత్రికలో వేసుకోవలసి వచ్చింది. 1967లో బీటాలో కూడా రెండు రకాలున్నాయని తేలింది. బీటా-1 ముఖ్యంగా గుండెలో, బీటా-2 ముఖ్యంగా ఊపిరి గొట్టాల్లో.

పంపు పుట్టుక కూడా తమాషాగా వుంటుంది. 1955లో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధ్యక్షుడి కూతురు, పదమూడేళ్ళ పిల్ల, "జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా ఆయాసం మందు కూడా డబ్బాలో ఎందుకు రాదు నాన్నా?" అని అడిగిందట. మరుసటి సంవత్సరానికి పంపు బజారులోకి వచ్చింది. అందులో వున్నది ఐసోప్రెనలిన్. అది బీటా-1, బీటా-2 రెండింటినీ తట్టేది. తర్వాత ఇంగ్లండులో డేవిడ్ జాక్ అనే ఫార్మసిస్టు నాయకత్వంలో ఒక బృందం ముఖ్యంగా బీటా-2 దర్బాను దగ్గరే ఆగే మందును తయారు చేసింది. అదే సాల్బుటమాల్. 1969లో అమ్మకానికి వచ్చింది. ఆయన కూడా నా వృత్తి వాడే గనుక ఆ పేరు చెప్పేటప్పుడు నాకు కొంచెం సంతోషం కలుగుతుంది.

ఇక జన్యువు సంగతి. దర్బాను వున్నాడని అందరూ అంటున్నారు కాని చూసినవాడు లేడు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్ అనే గుండె డాక్టరు దాని వెంట ఏళ్ళ తరబడి పడ్డాడు. ఆయన దగ్గర చేరిన బ్రయాన్ కోబిల్కా అనే కుర్ర డాక్టరు, ఇతరులు కలిసి 1986లో హామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువులో యీ జన్యువును పట్టుకున్నారు. 1987లో మనిషి జన్యువును కూడా చదివారు. చదివి ఆశ్చర్యపోయారు. మన కంటిలో వెలుగును పట్టే రొడాప్సిన్ అనే ప్రోటీనుకూ దీనికీ అన్నదమ్ముల పోలిక వుంది! అదీ ఏడు కుట్లదే. అంటే ఇది ఒక ఒంటరి దర్బాను కాదు, పెద్ద ఖాందాన్ అని తెలిసింది. ఈ ఖాందాన్‌లో మనిషికి సుమారు 800 మంది వున్నారు. చూపు, వాసన, కొన్ని రుచులు, రక్తపోటు, అన్నిచోట్లా వీళ్ళే. మీరు జలుబుకు వేసుకునే సెట్రిజిన్, కడుపు మంటకు వేసుకునే ఫామోటిడిన్, గుండెకు స్టెంటు వేసిన తర్వాత ఇచ్చే క్లోపిడోగ్రెల్, ఇవన్నీ యీ ఖాందాన్ దర్బానుల దగ్గర పనిచేసే మందులే. ప్రపంచంలో వాడుకలో వున్న మందుల్లో సుమారు మూడో వంతు వీళ్ళ మీదే ఆధారపడి వున్నాయి. 2007లో దర్బాను రూపాన్ని, 2011లో దర్బానూ కుర్రాడూ చేతులు కలిపిన భంగిమను కోబిల్కా బృందం చిత్రించగలిగింది. 2012లో వారిద్దరికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

నా ప్రశ్నకు జవాబు

సోదరులారా, ఇప్పుడు నా చెల్లెలి దగ్గరకు వస్తాను.

రోజుకు ఒకటి రెండుసార్లు అతిథి వస్తే దర్బాను శ్రద్ధగా వింటాడు. అదే పనిగా పగలూ రాత్రీ వచ్చి చెవిలో అరుస్తూ వుంటే ఏమవుతుంది? కణం తనను తాను కాపాడుకుంటుంది. మొదట దర్బాను లోపలి కొస మీద ఒక ముద్ర వేస్తుంది. ఆ ముద్ర చూసి అరెస్టిన్ అనే ఇంకొక ప్రోటీను వచ్చి అడ్డంగా నిలబడుతుంది. పేరులోనే అరెస్టు వుంది చూడండి. ఇక కుర్రాణ్ణి లేపటానికి వీల్లేదు. అప్పటికీ అతిథి మానకపోతే కణం ఆ దర్బానును గోడ మీద నుంచి పీకి లోపలికి లాగేసుకుంటుంది. రోజుల తరబడి ఇట్లాగే సాగితే గోడ మీద దర్బానుల సంఖ్యే తగ్గిపోతుంది. ఈ సంగతులు చాలావరకు కనిపెట్టింది కూడా ఆ లెఫ్‌కోవిట్జ్ బృందమే.

నెలకు మూడు పంపులు అన్నాను. ఒక్కొక్క పంపులో 200 పీల్పులు. అంటే నెలకు 600, రోజుకు 20. నా చెల్లెలు రోజుకు 20 సార్లు దర్బాను చెవిలో అరిచింది. నిజంగా అవసరం వచ్చిన తెల్లవారుజామున వినే దర్బానులు తక్కువయ్యారు.

ఇది సగం సంగతే. రెండో సగం ఇంకా ముఖ్యం. ఉబ్బసం అంటే కండరం బిగుసుకోవటం మాత్రమే కాదు. గొట్టాల లోపలి గోడ ఎర్రబడి, వాచి, జిగురు పట్టి వుంటుంది. ఇంట్లో నిప్పు రాజుకుంటున్నదన్న మాట. నీలం పంపు తలుపు తెరిచి పొగను బయటకు పోనిస్తుందే కాని నిప్పును ఆర్పదు. పొగ తగ్గింది గదా అని మనిషి నిద్రపోతాడు, నిప్పు పెరుగుతూ వుంటుంది. నిప్పు ఆర్పేది స్టెరాయిడ్ పంపు. బెక్లోమెథసోన్ పంపు 1972 నుంచే వున్నది. బ్యూడెసోనైడ్ మొదలైనవి తర్వాత వచ్చాయి. నేను నా చెల్లెలికి అది ఒక్కటీ ఇవ్వలేదు. "స్టెరాయిడ్ అమ్మో" అనే భయం నాకూ వుండేది.

ఇప్పుడు అసలు చమత్కారం వినండి. స్టెరాయిడ్ మందు దర్బాను దగ్గర ఆగదు. గోడ దాటి లోపలికి వెళ్ళి, జన్యువులున్న గది దాకా పోయి, ఏ.డి.ఆర్.బి.2 కాగితాన్ని తెరిపించి "ఇంకా దర్బానులను తయారు చేయండి" అని చెబుతుంది. నీలం పంపు తగ్గించిన దర్బానులను స్టెరాయిడ్ పంపు మళ్ళీ గోడ మీద నిలబెడుతుంది. ఒకటి ఆ జన్యువు పంటను కోసుకునేది, ఇంకొకటి ఆ జన్యువుకు నీళ్ళు పెట్టేది. నీళ్ళు పెట్టకుండా కోత మాత్రమే కోసుకుంటూ పోయాం మేము.

ఇది నా ఒక్క ఇంటి కథ కూడా కాదు. 1960లలో ఇంగ్లండులో ఎక్కువ మోతాదు ఐసోప్రెనలిన్ పంపులు వచ్చిన తర్వాత ఉబ్బసం చావులు పెరిగాయి. 1976 తర్వాత న్యూజిలాండులో ఫెనొటెరాల్ అనే మందుతో అదే జరిగింది. 1992లో కెనడాలోని సస్కాచువాన్ లెక్కలు చూసినవారు, యీ రకం పంపులు ఎక్కువగా వాడినవారిలో చావులు ఎక్కువగా వున్నాయని ప్రకటించారు. 1992 అంటే నా చెల్లెలు బతికి వున్న కాలమే. ఆ సంగతి నా దాకా రాలేదు. వచ్చే పత్రికలను కూడా నేను విప్పి చదవలేదు. తప్పు నాది.

మన దేశం సంగతి ఇంకా బాధాకరం. 2019 అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో ఎనిమిదో వంతు మన దేశంలో వున్నారు. కాని ఉబ్బసం చావుల్లో పదింట నాలుగు మనవే. రోగంలో అంత తేడా లేదు, మందు వాడే తీరులో తేడా వుంది.

మీకు మనవి

2019 నుంచి ప్రపంచ ఉబ్బసం నిపుణుల సంఘం, దాని పొట్టి పేరు జీనా, స్పష్టంగా ఒక మాట చెప్పింది. పెద్దవారికి, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు నీలం పంపు ఒక్కటే ఇచ్చి వూరుకోకూడదు. స్టెరాయిడ్ తప్పక తోడుండాలి. ఫార్మోటెరాల్, స్టెరాయిడ్ రెండూ కలిసిన పంపులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఆ ఫార్మోటెరాల్ కూడా మన బీటా-2 దర్బానునే తడుతుంది, కాని పక్కనే నీళ్ళు పెట్టే మందు కూడా వుంటుంది. ఏది ఎవరికి తగునో డాక్టరు చెప్పాలి.

ఒక లెక్క గుర్తుంచుకోండి. 200 పీల్పుల నీలం పంపులు సంవత్సరానికి మూడు, అంతకన్న ఎక్కువ అవుతున్నాయంటే ఉబ్బసం అదుపులో లేదని అర్థం. నెలకొకటి అవుతున్నదంటే ప్రాణాపాయం దగ్గరలో వుందని అర్థం. అంతమాత్రాన నీలం పంపును పారేయమని నేను చెప్పటం లేదు. ఆయాసం వచ్చినప్పుడు అది ప్రాణదాత. అది ఎక్కువగా కావలసి వస్తున్నదీ అంటే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలని చెబుతున్నాను.

స్టెరాయిడ్ భయం గురించి. ఒక 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్రలో 5000 మైక్రోగ్రాములు వుంటాయి. స్టెరాయిడ్ పంపు ఒక్క పీల్పులో సాధారణంగా వుండేది వంద, రెండు వందల మైక్రోగ్రాములు. అదీ నేరుగా ఊపిరితిత్తికే పోతుంది. పీల్చిన తర్వాత నీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిలో పూత వచ్చే అవకాశం తగ్గుతుంది. "పంపు మొదలుపెడితే అలవాటు పడిపోతాం" అనే మాట కూడా ఆపండి. కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి కళ్ళజోడుకు అలవాటు పడ్డాడని ఎవరైనా అంటారా?

పీల్చే తీరు ముఖ్యం. చాలామంది పంపు నోట్లో కొట్టుకొని మింగుతారు. పంపును వూపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా లోపలికి పీలుస్తూ నొక్కి, పది లెక్కపెట్టే దాకా ఊపిరి బిగపట్టాలి. పిల్లలకు, ముసలివారికి స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే మందు వృథా పోదు. మాట పూర్తిగా ఒక వాక్యం చెప్పలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, పంపు కొట్టినా తగ్గకపోయినా ఇంట్లో కూర్చోకండి. దారిలో పంపు వాడుతూనే ఆసుపత్రికి తీసుకుపోండి.

దర్బాను నోరు మూయించే మందులు కూడా వున్నాయి. ప్రొప్రనొలోల్ అనే మాత్ర గుండె దడకు, తలనొప్పికి, చేతుల వణుకుకు, థైరాయిడుకు ఇస్తారు. మంచి మందే. దాన్ని తయారు చేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ ఇచ్చారు. కాని అది బీటా-2 దర్బాను చెవులు కూడా మూస్తుంది. ఉబ్బసం మనిషికి ఒక్క మాత్రతోనే ఆయాసం పట్టుకోవచ్చు. గ్లకోమాకు కంట్లో వేసే టిమొలోల్ చుక్కలు కూడా అంతే. కంటి చుక్కలకూ ఊపిరికీ ఏమి సంబంధమని అనుకోకండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా మొదటి మాట "నాకు దమా వుంది" అని చెప్పండి.

రంజాన్ సంగతి చాలామంది అడుగుతారు. రోజాలో పంపు పీలిస్తే రోజా వుంటుందా అన్న విషయంలో ఉలమాల్లో రెండు అభిప్రాయాలున్నాయి. తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. మీరు నమ్మే ఆలిమ్ సాహెబ్‌ను అడగండి. నేను చెప్పేది ఒకటే. రోజుకు రెండుసార్లు వాడే పంపును సహరీకి ఒకసారి, ఇఫ్తార్ తర్వాత ఒకసారి పెట్టుకోవచ్చునేమో రంజాన్‌కు ముందే డాక్టరును అడిగి పెట్టుకోండి. పంపు మానేసి రోజాలు మొదలుపెట్టకండి. ఆయాసం వచ్చిన క్షణంలో మాత్రం సందేహించకండి. రోగికి రోజా వాయిదా వేసుకునే వెసులుబాటు ఖురాన్ షరీఫ్‌లోనే వుంది. ఖజా తర్వాత చేసుకోవచ్చు. తెల్లవారుజామున మన రక్తంలో అడ్రినలిన్ బాగా తగ్గి వుంటుంది. ఆ వేళకు ఆయాసం ఎక్కువ కావటానికి అదొక కారణం. అందుకే సహరీ వేళ జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఏటా జూన్‌లో మృగశిర కార్తెకు చేప మందు కోసం హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మన వాళ్ళు కూడా వెళుతుంటారు. ఎవరి నమ్మకం వారిది, నేను వాదించను. వెళ్ళి వచ్చినా, వెళ్ళకపోయినా డాక్టరు ఇచ్చిన పంపు మాత్రం ఆపకండి.

పెళ్ళిళ్ళ మాట

చివరగా, నన్ను బాధ పెట్టే సంగతి. జన్యువు అన్నమాట వినగానే "అయితే వంశంలో దోషం" అనుకునేవారున్నారు. కాదు. ఈ ఏ.డి.ఆర్.బి.2 కాగితంలో 16వ చోట కొందరికి ఒక పూస, కొందరికి ఇంకొక పూస వుంటుంది. 27వ చోట కూడా అంతే. 1993లో యీ తేడాలు బయటపడ్డప్పుడు ఉబ్బసానికి మూలం దొరికిందేమోనని ఆశపడ్డారు. తర్వాత చూస్తే ఆ తేడాలు అన్ని దేశాల్లో, ఆరోగ్యవంతుల్లో కూడా విరివిగా వున్నాయి. ఎవరికి ఏ పూస వున్నా స్టెరాయిడ్ తోడుగా వాడితే మందు బాగానే పనిచేస్తున్నదని పరీక్షల్లో తేలింది. అందుకని జన్యువు పరీక్ష చేయించుకోవలసిన పని లేదు. ఉబ్బసం ఒక్క జన్యువు వల్ల రాదు. ఎన్నో జన్యువులు, దుమ్ము, పొగ, కట్టెల పొయ్యి, బీడీ, చిన్ననాటి జబ్బులు, అన్నీ కలిస్తే వస్తుంది.

కనుక పిల్లకు దమా వుంటే దాచకండి. దాచిన జబ్బుకు మందు కూడా దొంగచాటుగానే వేసుకోవలసి వస్తుంది. తలుపు మూసుకొని పీల్చిన పంపును లెక్కపెట్టేవాడు ఎవరూ వుండరు. కోడలి పంపు అల్మారాలో అందరికీ కనిపించేచోట పెట్టించే అత్తగారు, ఆ ఇంటికి పెద్ద మేలు చేసినట్టే.

నా చెల్లెలి కొడుకు యీ సభలోనే వెనుక వరుసలో కూర్చున్నాడు. ముప్పై దాటాడు. వాడికీ దమా వుంది. పెళ్ళి చూపుల్లో మొదటి మాట ఆ సంగతే చెప్పించాను. పిల్ల తండ్రి నవ్వి, "మా ఇంట్లోనూ ఇద్దరికి వుంది లెండి" అన్నాడు. వాడు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తన పంపు పీల్చి నోరు పుక్కిలిస్తాడు. గత సంవత్సరం నీలం పంపు ఎన్ని అయ్యాయిరా అని మొన్న అడిగాను. "ఒకటే మామూ, అదీ సగం మిగిలింది" అన్నాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

మీరు యీ రాత్రి ఇంటికి వెళ్ళి చేయవలసిన పని ఒక్కటే. ఇంట్లో దమా మనిషి వుంటే, గత సంవత్సరం నీలం పంపులు ఎన్ని అయ్యాయో లెక్కపెట్టండి. సిగ్గుపడకుండా ఆ లెక్కను డాక్టరుకు చెప్పండి. నేను ఆ లెక్క ఆనాడు పెట్టలేదు. మీరు పెట్టండి.

 అల్లాహ్ మన అందరి ఊపిరినీ సుఖంగా వుంచుగాక. ఖుదా హాఫిజ్.